రిపోర్టులన్నీ నార్మల్, మనిషి మాత్రం మంచం మీద: మినీ స్ట్రోక్ తర్వాత ఒక 48 ఏళ్ళ వ్యాపారి కేసు

ఈ పేషెంట్‌కి మెదడులో జరిగిన నష్టమేదీ ఎంఆర్‌ఐలో కనపడలేదు. తర్వాతి పది వారాల్లో జరిగిన నష్టం మాత్రం చాలానే ఉంది. అందులో కొంత మందుల చీటీల వల్ల, కొంత బీపీ మిషన్ వల్ల, మిగతాది పరామర్శకి వచ్చినవాళ్ళ మాటల వల్ల. మినీ స్ట్రోక్ (మెదడుకి రక్తం కాసేపు అందక లక్షణాలు వచ్చి, వాటంతటవే పోవడం) తర్వాత మిగిలే నీరసాన్ని, భయాన్ని ‘మానసికం’ అని పక్కన పెట్టేముందు ఏమేం చూసుకోవాలో ఈ కేసు బాగా చూపిస్తుంది. ఆయన అనుమతితోనే రాస్తున్నాం. గుర్తుపట్టే వివరాలు మార్చాం.

నేపథ్యం

విజయవాడ వన్‌టౌన్‌లో అన్నదమ్ముల బట్టల హోల్‌సేల్ వ్యాపారం. సరుకు కొనడం అన్నగారి పని; బిల్లింగు, బాకీల లెక్కలు ఈయనవి. రోజుకి పది సిగరెట్లు. బీపీ ఉందని నాలుగేళ్ళ కిందటే తెలిసినా, తల బరువుగా ఉన్న రోజునే మాత్ర వేసుకునేవారు. షుగర్ లేదు.

ఫిబ్రవరి చివర ఒక మధ్యాహ్నం బిల్లు రాస్తుండగా కుడి చేతిలో పెన్ను నిలవలేదు. అంకె చెప్పబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. కుడివైపు మూతి జారడం ఎదురుగా ఉన్న గుమస్తా చూశాడు. ఇరవై నిమిషాల్లో అన్నీ సర్దుకున్నాయి. ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి, మాట మామూలుగానే ఉన్నాయి, బీపీ 178/104. మినీ స్ట్రోక్ తర్వాత పెద్ద స్ట్రోక్ ముప్పుని అంచనా వేసే ఏబీసీడీ-2 స్కోరు 4: బీపీకి 1, ఒకవైపు బలహీనతకి 2, పది నిమిషాలు దాటి గంటలోపు ఉన్నందుకు 1. మెదడులో కొత్త దెబ్బని పట్టిచ్చే డిఫ్యూజన్ ఎంఆర్‌ఐలో ఏమీ లేదు. మెదడు లోపలి రక్తనాళాలు బాగున్నాయి. మెడలో ఎడమ కెరోటిడ్‌లో (మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం) కొవ్వు పేరుకుంది గానీ 50 శాతంలోపు ఇరుకే కాబట్టి ఆపరేషన్ అవసరం లేదు. ఈసీజీ, ఎకో, గుండె లయని 24 గంటలు రికార్డు చేసే హోల్టర్ మామూలే. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 148.

అక్కడ మొదలుపెట్టిన వైద్యం సరైనదే: రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మొదటి డోసు 300 మి.గ్రా., తర్వాత రోజుకి 75. దానితో అదే పనికి ఆస్పిరిన్ 75, కొలెస్టరాల్‌కి అటోర్వాస్టాటిన్ 40, బీపీకి టెల్మిసార్టన్ 40. మినీ స్ట్రోక్ తర్వాత పెద్ద స్ట్రోక్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తుంది. అందుకే ఈ తొందర. ఆక్స్‌ఫర్డ్‌లో 2007లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ అధ్యయనంలో, వైద్యం వెంటనే మొదలుపెట్టడంతో 90 రోజుల్లో మళ్ళీ స్ట్రోక్ వచ్చినవాళ్ళు 10.3 శాతం నుంచి 2.1 శాతానికి తగ్గారు. మూడో రోజు డిశ్చార్జి. “రిపోర్టులన్నీ నార్మల్, ఏం భయం లేదు, రెస్ట్ తీసుకోండి” అని చెప్పి పంపారు.

మా దగ్గరికి వచ్చినప్పుడు

మే మొదటి వారం. భార్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. లేచి నిలబడితే తల తిరగడం, పొద్దున పళ్ళు తోముకునేసరికే ఒళ్ళు తేలిపోయేంత నీరసం, చేతివేళ్ళలో, పెదాల చుట్టూ తిమ్మిరి, గుండెదడ. రాత్రి నిద్రపోతే మళ్ళీ లేవననే భయం. స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టుకోరు. దుకాణానికి ఒకటి రెండుసార్లు వెళ్ళారు గానీ, మినీ స్ట్రోక్ వచ్చిన రోజు కూర్చున్న కుర్చీలో మాత్రం కూర్చోలేదు. ఊరికే కళ్ళనీళ్ళు వస్తున్నాయని ఆయన చెప్పలేదు, భార్య చెప్పారు. ఈ పది వారాల్లో ఐదుసార్లు ఎమర్జెన్సీకి వెళ్ళారు, మూడుసార్లు సీటీ తీశారు.

పరామర్శల సంగతి వేరే చెప్పాలి. వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక కథ ఉంది. “మా తోడల్లుడికీ ఇట్టాగే వచ్చి తగ్గిపోయింది, నెల తిరక్కుండా పెద్దది వచ్చింది.” మంచినీళ్ళు బాగా తాగితే రక్తం పల్చబడుతుందని ఒకరు, ఉప్పు మొత్తం మానెయ్యమని ఇంకొకరు. ఇంట్లో అవన్నీ పాటించారు.

వెంట ఒక నోట్‌బుక్ తెచ్చారు. అందులో రోజుకి పద్దెనిమిది, ఇరవై బీపీ రీడింగులు. 140 దాటిన ప్రతిదాని కిందా ఎర్ర గీత. ఒక పేజీలో ఇలా ఉంది: రాత్రి 2.10కి 148/92, 2.14కి 156/96, 2.19కి 162/98, 2.30కి ‘హాస్పిటల్’. ఆయన జబ్బు సగం ఈ నాలుగు గళ్ళలోనే ఉంది. మెలకువ వచ్చి భయంతో చూసుకున్నారు, అంకె చూసి భయం పెరిగింది, భయం అంకెని పెంచింది.

ముందు ఏం తేల్చుకోవాలి

మొదటి ప్రశ్న: ఆ ఐదుసార్లలో ఏదైనా నిజంగా మళ్ళీ వచ్చిన మినీ స్ట్రోకా? సీటీ మామూలుగా ఉందన్న ఒక్క మాటతో దీన్ని తేల్చలేం. మినీ స్ట్రోక్‌లో సీటీ మామూలుగానే ఉంటుంది. అందుకని ఒక్కొక్క సంఘటననీ విడిగా అడిగాం: ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? ఒకవైపేనా, రెండు చేతుల్లోనా? మూతి, మాట, చూపు ఎలా ఉన్నాయి? ఐదింట్లోనూ తిమ్మిరి రెండు చేతుల్లో, పెదాల చుట్టూ, ఐదు పది నిమిషాలు పెరుగుతూ వచ్చింది. బలహీనత ఒక్కసారీ లేదు.

రెండో ప్రశ్న మందులది. ఎమర్జెన్సీకి వెళ్ళిన ప్రతిసారీ భయంతో బీపీ ఎక్కువగా కనపడింది, దాన్ని చూసి మందు పెరిగింది: టెల్మిసార్టన్ మీద ఆమ్లోడిపిన్ 5, దాని మీద ఏప్రిల్‌లో మూత్రం ఎక్కువగా పోయించే క్లోర్తాలిడోన్ 12.5. నోట్‌బుక్‌లో ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసిన రీడింగులు అసలు లేవు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూస్తే బీపీ 118/74. నిలబెట్టిన ఒక నిమిషానికి 96/64, మూడో నిమిషానికి 94/62. “ఇదే సార్, ఇదే” అని బల్ల పట్టుకున్నారు. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పది వారాలుగా ‘మళ్ళీ వస్తోంది’ అని ఆయన భయపడుతున్న తల తిరుగుడులో పెద్ద భాగం ఇదే.

రక్తపరీక్షలో సోడియం 129, ఉండాల్సినదానికంటే తక్కువ. కారణం వెతకనక్కర్లేదు: మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర, ఉప్పు లేని చప్పిడి తిండి, రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్ళు, విజయవాడ మే నెల చెమట. నాలుగూ ఒకేచోట కలిశాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ బాగున్నాయి.

చీటీలో ఇంకో రెండు విషయాలు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఇంకా నడుస్తున్నాయి. 2013లో వచ్చిన చాన్స్, 2018లో వచ్చిన పాయింట్ అధ్యయనాలని కలిపి చూస్తే, రెండు మందులూ కలిపి వాడినందువల్ల లాభం దాదాపుగా మొదటి 21 రోజుల్లోనే ఉంది; ఆ తర్వాత రక్తస్రావం ప్రమాదమే మిగులుతుంది. డిశ్చార్జి చీటీలో ఆపే తేదీ లేదు, కాబట్టి ఎవరూ ఆపలేదు. చిగుళ్ళ రక్తం, మోచేతి మీద కమిలిన మచ్చలు ఆయన భయాల జాబితాలో చేరాయి. గ్యాస్‌కని ఒమెప్రజోల్ వాడుతున్నారు; అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. వీటితోపాటు ఆరు వారాలుగా రాత్రికి ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్ప్రజోలం 0.5 కూడా నడుస్తోంది.

ఆందోళన కొలిచే గ్యాడ్-7లో 16, కుంగుబాటు కొలిచే పీహెచ్‌క్యూ-9లో 11. చచ్చిపోవాలనే ఆలోచన ఉందా అని సూటిగా అడిగాం, లేదు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటివి కొలిచే మోకా పరీక్షలో 30కి 25. పోయినవి ఏకాగ్రతలోనూ, ఐదు మాటలు గుర్తుంచుకుని చెప్పడంలోనూ.

మందుల్లో మార్పులు, వాటి వెనక లెక్క

మూడు బీపీ మందుల్లో ముందు తీసింది క్లోర్తాలిడోన్. ఆమ్లోడిపిన్ తీసినా నిలబడ్డప్పటి బీపీ కొంత మెరుగయ్యేది, సోడియం మాత్రం కోలుకునేది కాదు. ఆస్పిరిన్ ఆపి క్లోపిడోగ్రెల్ ఒక్కటే ఉంచాం, ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ ఇచ్చాం. నీళ్ళు దాహాన్ని బట్టి తాగమన్నాం.

ఉప్పు గురించి ‘తగ్గించండి’ అంటే ఇంట్లో ఏం చెయ్యాలో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకి 5 గ్రాములలోపు. నలుగురున్న ఇంట్లో అది రోజుకి 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయల్లో ఉప్పు ప్యాకెట్ లెక్కలోకి రాదు కాబట్టి రెండు నెలలు వచ్చేలా వాడమన్నాం. ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాసి పెట్టమన్నాం. ఆవకాయ మానలేనన్నారు; వారానికి రెండు రోజులు, ఒక్క ముక్క అని ఒప్పందం.

ఆందోళనకి ఎస్సిటలోప్రామ్ లాంటి మందు మొదలుపెట్టాలా అన్నది నిజమైన సందిగ్ధం. స్కోరు చూస్తే పెట్టాలి. కానీ ఆ రకం మందులు సోడియంని ఇంకా కిందికి దించగలవు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులతో కలిస్తే రక్తస్రావం కొంచెం పెంచగలవు. పైగా లక్షణాల్లో ఎన్ని బీపీ వల్ల, ఎన్ని సోడియం వల్ల అన్నది ఇంకా తెలియదు. నాలుగు వారాలు ఆగి మళ్ళీ కొలుద్దాం అనుకున్నాం. చావు ఆలోచనలు ఉన్నా, తిండి మానేసినా ఇలా ఆగేవాళ్ళం కాదు. సోడియంని అంతగా కదిలించని మర్టజపిన్ లాంటిదాని వైపు వెళ్ళేవాళ్ళం.

పది రోజులకి సోడియం 136, నిలబడ్డ బీపీ 116/74. తల తిరగడం దాదాపు పోయింది. భయం పోలేదు. నీరసం సగం తగ్గింది.

పనిచెయ్యనివి

శ్వాస వ్యాయామం మొదటి వారంలోనే బెడిసికొట్టింది. ‘గట్టిగా గాలి పీల్చండి’ అనేసరికి ఆయన పెద్దపెద్దగా, వేగంగా పీల్చారు. అలా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళలో, పెదాల దగ్గర తిమ్మిరి వస్తుంది; మందు అనుకున్నదే లక్షణాన్ని తెచ్చింది.

బీపీ అసలు చూసుకోవద్దన్న కట్టడి కూడా నిలవలేదు. ఇంట్లో మిషన్ బీరువాలో పెడితే వీధి చివర మెడికల్ షాపులో చూపించుకున్నారు.

రోజుకి 45 నిమిషాల నడక అన్న మామూలు సలహా మూడోది. ఓపికున్న రోజు నడక పూర్తిచేసి, అదే ఊపులో దుకాణంలో ఐదు గంటలు కూర్చునేవారు. తర్వాత రెండు రోజులు మంచం. మినీ స్ట్రోక్ తర్వాతి నీరసం అంతా సోమరితనమూ కాదు, అంతా గుండె ధైర్యం సంగతీ కాదు. శక్తి ఉన్నప్పుడు మొత్తం ఖర్చుచేస్తే మర్నాడు అప్పు తీర్చాల్సి వస్తుంది.

‘ఏం కాదులే’ అనే ఓదార్పు కూడా ఇదే కోవలోది. ఇంట్లో రోజుకి ఇరవైసార్లు అడిగేవారు, ఇరవైసార్లు చెప్పేవారు. ఒక్కోసారి పావుగంట ఊరట, అంతే.

పనిచేసినవి

బీపీకి నిషేధం బదులు నియమం పెట్టాం. పొద్దున మాత్రకి ముందు, రాత్రి భోజనానికి ముందు. మూత్రానికి వెళ్ళి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం తేడాతో రెండేసి రీడింగులు. ఏడు రోజులు తీసి, మొదటి రోజు కొట్టేసి, మిగిలినవాటి సగటు. సిగరెట్, కాఫీ తర్వాత అరగంటలోపు చూడకూడదు. పట్టీ చొక్కా మీద చుట్టకూడదు. సగటు 126/78 వచ్చింది. అప్పటిదాకా తన బీపీ 160 అనే నమ్మిన మనిషి ఆ సగటుని కాలిక్యులేటర్ మీద తనే మళ్ళీ లెక్కేసుకున్నారు. ఆ తర్వాత నెలకి ఒక్క వారమే. మధ్యలో భయమేస్తే చూడాల్సింది బీపీ కాదు, చీటీ.

చీటీ అంటే ఫ్రిజ్ మీద అంటించిన ఒక కాగితం. ఎరుపు వైపు: ఒక్కసారిగా మూతి జారడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం లేదా మొద్దుబారడం, మాట తడబడటం, చూపు పోవడం లేదా రెండుగా కనపడటం, అడుగు తూలడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా, రెండు నిమిషాల్లో తగ్గిపోయినా సరే, 108. బీపీ చూస్తూ కూర్చోకూడదు, నాలుక కింద మాత్ర పెట్టకూడదు, నోట్లో నీళ్ళు గానీ ఆస్పిరిన్ గానీ వెయ్యకూడదు, లక్షణం మొదలైన టైము రాసుకోవాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలే. ఆ లెక్క మొదలయ్యేది ఆ టైము నుంచే. పచ్చ వైపు: రెండు చేతుల్లో, పెదాల చుట్టూ మెల్లగా పెరిగే తిమ్మిరి, దడ, లేచినప్పుడు తల తిరిగి కూర్చుంటే తగ్గడం. వీటికి కూర్చుని, నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదులుతూ పది నిమిషాలు. చీటీ అడుగున ఒక వాక్యం: ఏ వైపో తెలియకపోతే ఎరుపే. భార్యకి చెప్పింది ఒక్కటే: ‘ఏం కాదులే’ అనకండి, ‘చీటీ చూద్దామా’ అనండి.

పచ్చ వైపుని ఆయన నమ్మడానికి ఒక ప్రయోగం చేశాం. మా గదిలో, మా ఎదురుగా, ఒక్క నిమిషం వేగంగా గాలి పీల్చమన్నాం. నలభై సెకన్లకే వేళ్ళలో అదే తిమ్మిరి. నెమ్మదిగా వదలడం మొదలుపెట్టాక మూడు నిమిషాల్లో పోయింది. “అయితే ఇది నేనే తెచ్చుకుంటున్నానా?” అన్నారు. కావాలని కాదు, అలా వచ్చే దారి అది అని వివరించాం. ఇదే ప్రయోగం కెరోటిడ్ బాగా ఇరుకైనవాళ్ళ మీద, మెదడు నాళాల్లో ఇరుకు గానీ మోయామోయా (మెదడు అడుగున నాళాలు క్రమంగా మూసుకుపోయే జబ్బు) గానీ ఉన్నవాళ్ళ మీద చెయ్యకూడదు. వేగంగా పీలిస్తే మెదడు నాళాలు ముడుచుకుంటాయి, వాళ్ళకి నిజంగానే ప్రమాదం. ఈయన యాంజియో రిపోర్టు ముందే చూసుకున్నాం కాబట్టే ధైర్యం చేశాం.

నడకకి మొదలు అన్నిటికంటే నీరసంగా ఉన్న రోజు ఎంత నడవగలరో చూశాం: 10 నిమిషాలు. దానికీ కొంచెం తక్కువగా 8 నిమిషాలు, పొద్దున ఐదున్నరకి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. మర్నాటి నీరసం పెరగకపోతే నాలుగు రోజులకి ఒకసారి 2 నిమిషాలు పెంచడం. ఓపిక ఉన్నా ఆ రోజు లెక్క దాటకూడదు. ఆయనకి ఈ నిబంధనే కష్టమైంది. పని యాభై నిమిషాలు, తర్వాత ఫోన్ పక్కన పెట్టి పదిహేను నిమిషాలు ఒరగడం. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే. పగటి నిద్ర మధ్యాహ్నం మూడింటిలోపే, అరగంట మించకుండా. ఏడు వారాలకి ఒక్కో నడక 30 నిమిషాలకి వచ్చింది.

భయాలకి ఒక మెట్ల వరస రాసుకున్నారు: స్నానాల గదికి గడియ, రాత్రి భార్య పక్క గదిలో పడుకోవడం, ఒంటరిగా కాలవగట్టు దాకా నడక, దుకాణంలో ఆ కుర్చీ, చివర స్కూటర్. ప్రతి మెట్టు మీదా భయం పదిలో సగానికి దిగేదాకా ఆగాలి, ముందూ వెనకా బీపీ చూడకూడదు. ఆ కుర్చీలో మొదటిరోజు పన్నెండు నిమిషాలు కూర్చున్నారు, చొక్కా తడిసిపోయింది. నాలుగో రోజు అక్కడే టీ తాగారు. దాంపత్యం గురించి ఆయన అడగలేదు, మేమే ఎత్తాం: ఆయాసం లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే దానికీ ఇబ్బంది లేదు. ఇద్దరి ముఖాలూ తేలికపడ్డాయి.

దుకాణానికి మొదటి రెండు వారాలు పొద్దున రెండు గంటలే, సరుకు చూసుకోవడం వరకే. తర్వాత బిల్లింగు, ఫోన్ మూగబోయి ఉన్నప్పుడు మాత్రమే. జీఎస్టీ మొత్తాలు గుమస్తా మళ్ళీ కూడాలి. శ్రావణమాసం సీజన్ రాగానే అన్నగారు పూర్తిగా కూర్చోమన్నారు. అన్నగారిని పిలిపించి మాట్లాడాం. ఐదు గంటల దగ్గరే ఆపాం. సీజన్లో పడిపోతే దీపావళికి కూడా మనిషి ఉండడన్న లెక్క ఆయనకి వెంటనే అర్థమైంది.

అల్ప్రజోలంని రెండేసి వారాలకి కొంచెం చొప్పున తగ్గిస్తూ రెండు నెలల్లో ఆపాం. నాలుగో వారం గ్యాడ్-7 స్కోరు 10, పదో వారం 5. ఆందోళన మందు అవసరం రాలేదు.

జూలైలో ఒక రాత్రి ఎడమ చెయ్యి ఒక్కటే మొద్దుబారింది. చీటీ చూసి 108కి ఫోన్ చేశారు. పరీక్షలో అది మోచేతి దగ్గర నరం నొక్కుకోవడమని తేలింది. అనవసరంగా వెళ్ళామా అని సిగ్గుపడుతూ అడిగారు. వెళ్ళడమే సరైనది, మర్నాడు పొద్దున నడక మానకపోవడం మాకు ఇంకా నచ్చింది.

ఆరు నెలలకి

మోకా 28, ఎల్‌డీఎల్ 66, బీపీ సగటు 124/78. సిగరెట్లు రోజుకి రెండు, అవి పోలేదు. నికోటిన్ గమ్‌ని మామూలు బబుల్‌గమ్‌లా ఆగకుండా నమిలి, ఎక్కిళ్ళు వచ్చి పారేశారు. ఘాటు తెలిసేదాకా నమిలి దవడకి ఆనించి ఉంచాలి, తగ్గాక మళ్ళీ నమలాలి, పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ తాగకూడదు. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

డిశ్చార్జి చీటీలో రక్తం గడ్డకట్టనివ్వని రెండో మందు పక్కన ‘21 రోజులు’ అని కాకుండా ఆపాల్సిన తేదీ రాస్తున్నాం. రోజులు లెక్కపెట్టే పని ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. మినీ స్ట్రోక్ వచ్చిన ప్రతివాళ్ళనీ రెండో వారంలో, ఆరో వారంలో నిద్ర, భయం, నీరసం, లెక్కల్లో పొరపాట్ల గురించి అడుగుతున్నాం. అడక్కపోతే చెప్పరు, చెప్పినా ఇంట్లోవాళ్ళే చెబుతారు. ఎమర్జెన్సీలో భయంతో ఉన్న మనిషి బీపీ చూసి రోజువారీ మందు పెంచడం లేదు. ఏడు రోజుల ఇంటి సగటు వచ్చేదాకా ఆగుతున్నాం, 180/120 దాటినా, ఒంట్లో ఏ భాగమైనా దెబ్బతింటున్న గుర్తున్నా తప్ప. మార్చి నుంచి జూన్ దాకా మూత్రం మాత్ర కొత్తగా మొదలుపెడితే రెండు వారాలకి సోడియం, పొటాషియం, నిలబడ్డ బీపీ మూడూ చూస్తున్నాం, ఇంట్లో ఉప్పు ఎంత వాడుతున్నారో, నీళ్ళు ఎన్ని తాగుతున్నారో కనుక్కున్నాకే.